న్యూమాడ్‌ని ప్యాకేజీ చేసిన అనుభవం: ఇన్‌స్టాల్ అవ్వాలి, కానీ దానంతట అది నడవకూడదు

మా సర్వర్లకు ఆఫీసులో సొంతంగా తయారు చేసుకున్న లినక్స్ ఇమేజ్ ఒకటి ఉంది. పద్ధతులన్నీ డెబియన్‌వే, కానీ మాకు అవసరమైన ప్యాకేజీలు మాత్రమే అందులో ఉంటాయి. ఆ ఇమేజ్ మీద వర్చువల్ మెషీన్లు నడిపే వాళ్లు ఒక సమస్య తెచ్చారు. మెషీన్ సెట్టింగుల్లో ప్రాసెసర్ ప్లేస్‌మెంట్ ‘ఆటో’ అని పెట్టి స్టార్ట్ చేస్తే, ఈ హోస్ట్‌లో (అంటే వర్చువల్ మెషీన్లు నడిచే అసలు సర్వర్‌లో) న్యూమాడ్ లేదని, వాటిని నడిపించే లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఎర్రర్ చెప్పింది నిజమే. ప్రాసెస్‌లనూ వాటి మెమరీనీ దగ్గరగా సర్దే న్యూమాడ్ అనే ప్రోగ్రాము మా ఇమేజ్‌లో లేదు. దాన్ని ప్యాకేజీ చేసే పని నేను తీసుకున్నాను.

డెబియన్‌లోనూ ఫెడోరాలోనూ ఈ ప్యాకేజీ ఎప్పటి నుంచో ఉంది కదా, తెచ్చి పెట్టుకుంటే పోలేదా అని ఎవరైనా అడగొచ్చు. బయట బిల్డ్ అయిన బైనరీ ఏదీ మా ఇమేజ్‌లోకి నేరుగా రాకూడదని మా నియమం. సోర్స్ తెచ్చుకుని, చదివి, మేమే బిల్డ్ చేసుకోవాలి. ఈ నియమం వల్ల పని పెరుగుతుంది. కానీ రూట్ అధికారంతో నడుస్తూ మిగతా ప్రాసెస్‌లన్నిటినీ కదిపే ప్రోగ్రాము విషయంలో, సోర్స్ చదవక తప్పని పరిస్థితి మంచిదే అని నాకనిపించింది.

న్యూమా (నాన్-యూనిఫాం మెమరీ యాక్సెస్) గురించి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. రెండు సాకెట్ల సర్వర్‌లో మెమరీ అంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది గానీ, లోపల ఒక్కో ప్రాసెసర్‌కి తన పక్కన ఉన్న మెమరీ వేరు, అవతలి ప్రాసెసర్ పక్కన ఉన్నది వేరు. పక్కనున్న మెమరీ త్వరగా అందుతుంది. అవతలిది కావాలంటే రెండు ప్రాసెసర్లను కలిపే లింకు దాటి రావాలి. ప్రాసెసర్, దాని పక్కనున్న మెమరీ కలిపి ఒక నోడ్. ఈ నోడ్ల వివరాలు చూపించే న్యూమా-సీటీఎల్ కమాండ్‌ని హార్డ్‌వేర్ ఆప్షన్‌తో నడిపితే చివర్లో దూరాల పట్టిక వస్తుంది. సొంత నోడ్ దూరం ఎప్పుడూ 10. అవతలి నోడ్‌కి మామూలుగా 20 గానీ 21 గానీ కనిపిస్తుంది. ఇవి నానోసెకన్లు కావు, సొంత నోడ్‌తో పోలిస్తే ఎంత దూరమో ఫర్మ్‌వేర్ చెప్పే నిష్పత్తి అంతే. ఒక ప్రాసెస్ థ్రెడ్లు ఒక నోడ్‌లో నడుస్తూ, దాని డేటా ఇంకో నోడ్‌లో ఉండిపోతే ప్రతి యాక్సెస్‌కీ ఆ దూరం మోయాలి.

న్యూమాడ్ చేసేది ఈ రెండిటినీ ఒక చోటికి చేర్చడం. 2012 నాటి ప్రోగ్రాము, సీ భాషలో రాసింది. ఏ ప్రాసెస్ ఎంత సీపీయూ వాడుతోంది, దాని మెమరీ ఏయే నోడ్లలో పడి ఉంది అని కెర్నల్ సమాచారం ఇచ్చే ప్రాక్ ఫైల్‌సిస్టమ్ చూసి లెక్క కడుతుంది. తర్వాత ఆ ప్రాసెస్‌ని ఒక నోడ్‌కి గానీ కొన్ని నోడ్లకు గానీ కట్టేసి, మెమరీ పేజీలను కూడా అక్కడికి తరలిస్తుంది. కదలిక ఎక్కువగా ఉంటే 5 సెకన్లకోసారి, ప్రశాంతంగా ఉంటే 15 సెకన్లకోసారి చూస్తుంది. ఏ నోడ్‌నీ 85 శాతం మించి నింపకూడదని దాని డిఫాల్ట్. చిన్న చితకా ప్రాసెస్‌ల జోలికి పోదు. 300 మెగాబైట్ల మెమరీ, అర సీపీయూ వాడితేనే లెక్కలోకి తీసుకుంటుందని మాన్యువల్ పేజీ చెబుతుంది.

అదే బైనరీకి ఇంకో పని కూడా ఉంది. నాకు నాలుగు సీపీయూలు, ఇన్ని మెగాబైట్లు కావాలి, ఏ నోడ్ అయితే మంచిది అని ‘-డబ్ల్యు’ ఆప్షన్‌తో అడిగితే నోడ్ నంబరు ప్రింట్ చేసి వెళ్లిపోతుంది. ఇలా అడగడానికి డెమన్ (వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రాము) నడుస్తూ ఉండనక్కర్లేదు. అడిగినంత మాత్రాన డెమన్ మొదలవదు కూడా. వర్చువల్ మెషీన్ స్టార్ట్ చేసేటప్పుడు లిబ్‌వర్ట్ వాడుకునేది సరిగ్గా ఈ సలహానే. డెమన్ లేకుండానే సలహా అడగొచ్చన్న ఆ ఒక్క వాక్యం మాన్యువల్ పేజీలో చదివాక, నేను చేయబోయే ప్యాకేజీ ఎలా ఉండాలో దాదాపు తేలిపోయింది. మా వాళ్లకు కావలసింది సలహా. డెమన్ కాదు.

దాని సంగతి తర్వాత. ముందు సోర్స్. కోడ్ పాగ్యూర్ అనే కోడ్ హోస్టింగ్ సైటులో దొరికింది. అసలు కోడంతా ఒకే సీ ఫైలు, దానితోపాటు మేక్‌ఫైలు, మాన్యువల్ పేజీ, కాన్ఫిగ్ ఫైలు, సర్వీసు ఫైలు, లాగ్‌రొటేట్ ఫైలు ఉన్నాయి. లైసెన్స్ ఎల్‌జీపీఎల్ 2.1. కాపీరైట్ ఫైలు రాయడం ఇంత తేలికగా అయిపోయిన ప్యాకేజీ నాకు ఈ మధ్య తగల్లేదు.

వెర్షన్ నంబరు దగ్గర మాత్రం కాస్త ఆలోచించాను. డిస్ట్రిబ్యూషన్లలో దాని వెర్షన్ 0.5 అనే కనిపిస్తుంది. కానీ ఆ నంబరు మారకుండానే కోడ్ మారుతూ వచ్చింది, అందుకే డిస్ట్రిబ్యూషన్లు గిట్ స్నాప్‌షాట్ తీసుకుని వెర్షన్ వెనక తేదీ తగిలిస్తాయి. 20150602 అనే తేదీ అలా చాలా చోట్ల కనిపిస్తుంది. ఇక్కడ తేదీకి ముందు ఏ గుర్తు పెడతామన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. 0.5 తర్వాత టిల్డా పెట్టి తేదీ రాస్తే, డెబియన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ దృష్టిలో అది 0.5 కన్నా పాతది. ప్లస్ పెట్టి రాస్తే 0.5 కన్నా కొత్తది. మనం తీసుకుంటున్న కోడ్ 0.5 తర్వాతది కాబట్టి ప్లస్సే పెట్టాలి. రేపు నిజంగా 0.6 వస్తే అది ఎలాగూ దీనికన్నా పెద్దదవుతుంది, అప్‌గ్రేడ్ సాఫీగా జరుగుతుంది. డీపీకేజీకి వెర్షన్లు పోల్చి చెప్పే ఆప్షన్ ఉంది. నంబరు ఖాయం చేసే ముందు దానితో అన్ని జతలూ పోల్చి చూసుకోవడం నా అలవాటు. ఒకసారి రిపాజిటరీలోకి వెళ్లిన వెర్షన్‌ని వెనక్కి తగ్గించాలంటే ఇపాక్ (వెర్షన్ ముందు వచ్చే, అన్నిటికన్నా ముందు పోల్చే అంకె) తగిలించాలి, అది ఆ ప్యాకేజీ బతికున్నంత కాలం వదలదు.

బిల్డ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఇలాంటి పాత మేక్‌ఫైళ్లలో గమనించాల్సింది ఒక్కటే. డెబియన్ ప్యాకేజీలు బిల్డ్ చేయడానికి వాడే డెబ్‌హెల్పర్ తన కంపైలర్ ఫ్లాగులను ఎన్విరాన్‌మెంట్ ద్వారా పంపుతుంది. మేక్‌ఫైలు అదే వేరియబుల్‌కి తానే విలువ ఇచ్చుకుంటే పైనుంచి వచ్చింది చడీచప్పుడు లేకుండా పోతుంది. బిల్డ్ పాసవుతుంది, హార్డెనింగ్ (దాడులను కష్టతరం చేసే కంపైలర్ రక్షణలు) మాత్రం ఉండదు. అందుకని మేక్‌ఫైలుని నమ్మకుండా, ప్యాకేజీ ఎలా బిల్డ్ చేయాలో చెప్పే రూల్స్ ఫైలులో ఫ్లాగులను మేక్ కమాండ్‌కే ఆర్గ్యుమెంట్లుగా ఇచ్చాను. అలా ఇస్తే మేక్‌ఫైలు లోపల మామూలుగా ఏ విలువ ఇచ్చినా ఇవే నెగ్గుతాయి. తర్వాత బిల్డ్ లాగ్‌ని, హార్డెనింగ్ ఫ్లాగులు వెళ్లాయో లేదో చెప్పే బీఎల్‌హెచ్‌సీతో, తయారైన ప్యాకేజీని, అందులో తప్పులు పట్టే లింటియన్‌తో చూసుకున్నాను.

ఇక అసలు విషయం. డెబియన్‌లో ఒక సర్వీసు ఉన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ సర్వీసు వెంటనే మొదలవుతుంది, రీబూట్ తర్వాతా వస్తుంది. ఫెడోరాలో అలా కాదు. అక్కడ ప్రీసెట్‌లో చెప్పిన సర్వీసులు తప్ప మిగతావి ఇన్‌స్టాల్ అయ్యాక కూడా ఆఫ్‌లోనే ఉంటాయి. వెబ్ సర్వర్ లాంటి వాటికి డెబియన్ పద్ధతి నాకు నచ్చుతుంది. ఇన్‌స్టాల్ చేసిన మనిషికి అది కావాలి కాబట్టే చేశాడు. న్యూమాడ్ విషయంలో ఆ వాదన నిలబడదు, ఎందుకంటే చాలామంది దాన్ని కోరి ఇన్‌స్టాల్ చేయరు. లిబ్‌వర్ట్ వెంట డిపెండెన్సీగా వస్తుంది. అలా వచ్చిన డెమన్ రూట్ అధికారంతో లేచి, మెషీన్‌లో పెద్ద ప్రాసెస్‌లన్నిటినీ చూసి, తనకు సరైనదనిపించిన నోడ్‌కి కట్టేయడం మొదలుపెడితే ఆ మెషీన్ చూసుకునే మనిషికి ఏం తెలుస్తుంది?

డేటాబేస్‌లు చూసే మేడమ్‌ని ఇదే అడిగాను. మా హోస్టుల్లో కొన్నిటి మీద వర్చువల్ మెషీన్లతోపాటు ఆవిడ డేటాబేస్ కూడా నడుస్తుంది.

“మీ ప్రాసెస్ మెమరీని ఇంకో డెమన్ అటూ ఇటూ కదిపితే మీకు ఇబ్బందాండీ?”

“ఇబ్బందా అని అడుగుతారేంటండీ? మేం మెమరీని రెండు నోడ్లలోనూ సమానంగా పరిచి పెట్టుకున్నాం, కావాలనే. దాన్ని ఎవరైనా కదిపితే నాకు గ్రాఫ్‌లో లేటెన్సీ పెరిగినట్టు కనిపిస్తుంది, కారణం మాత్రం కనిపించదు. రాత్రంతా నా క్వెరీల్లోనే వెతుక్కుంటా. ముందు చెప్పకుండా మాత్రం ఆన్ చెయ్యకండి.”

ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉంది. న్యూమాడ్ మాన్యువల్ పేజీ కూడా ఇదే చెబుతుంది. మెషీన్ మొత్తం ఒకే పెద్ద ఇన్-మెమరీ డేటాబేస్‌కి ఇచ్చేసి, ఎక్కడి డేటా ఎప్పుడు కావాలో ముందుగా తెలియని పరిస్థితి అయితే న్యూమాడ్ వల్ల లాభం ఉండకపోవచ్చు. బ్యాండ్‌విడ్త్ బాగా లాగే ప్రోగ్రాములకూ అంతే, వాటికి అన్ని నోడ్ల మెమరీ కంట్రోలర్లూ కావాలి, ఒక మూలకు సర్దితే నష్టమే. ఇంటర్‌లీవ్ చేసిన మెమరీని ఒక చోటికి లాగకుండా వదిలెయ్యమని చెప్పే ‘-కె’ ఆప్షన్ ఉంది గానీ, అలాంటిది ఉందని తెలిసినవాళ్లే కదా దాన్ని పెడతారు.

ఇంకో కారణం కెర్నల్. 3.8 వెర్షన్‌తో మొదలై 3.13 నాటికి బాగా కుదురుకున్న ఆటోమేటిక్ న్యూమా బ్యాలెన్సింగ్ ఇప్పుడు కెర్నల్‌లోనే ఉంది. ప్రాసెస్ ఏ పేజీలను ఏ నోడ్ నుంచి తాకుతోందో పేజీ ఫాల్ట్‌ల (పేజీని తాకినప్పుడు కెర్నల్‌కి వచ్చే కబుర్ల) ద్వారా పసిగట్టి అదే సర్దుతుంది. చాలా మెషీన్లకు అది సరిపోతుంది. న్యూమాడ్ ఆన్ చేస్తే దాని నిర్ణయమే పైచేయి అవుతుంది. కెర్నల్ పనిని పక్కకు నెట్టే నిర్ణయం ఒక మనిషి తీసుకోవాలి, డిపెండెన్సీ తీసుకోకూడదు. రూల్స్ ఫైలులో, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి సంబంధించిన భాగానికి ‘ఎనేబుల్ చెయ్యొద్దు, స్టార్ట్ చెయ్యొద్దు’ అన్న రెండు ఆప్షన్లూ పెట్టాను. నా దృష్టిలో ఈ ప్యాకేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన లైను అదే.

బైనరీ ఒక ప్యాకేజీగా, సర్వీసు ఇంకో ప్యాకేజీగా విడగొడదామన్న సూచన కూడా వచ్చింది. వద్దన్నాను. నాలుగు చిన్న ఫైళ్ల కోసం రెండు ప్యాకేజీలు పెడితే రిపాజిటరీలో గందరగోళం తప్ప ఒరిగేది లేదు. ఆఫ్‌లో ఉన్న సర్వీసు ఫైలు డిస్క్ మీద ఉన్నంత మాత్రాన ఎవరికీ హాని లేదు.

సర్వీసు ఫైలుని అలాగే వదల్లేదు. మొదటిది, ఒకే నోడ్ ఉన్న మెషీన్‌లో ఎవరైనా దీన్ని ఎనేబుల్ చేస్తే పనేమీ ఉండదు. అలాంటి చోట అసలు మొదలవకుండా ఒక షరతు పెట్టాలనుకున్నాను. సిస్ ఫైల్‌సిస్టమ్‌లో నోడ్-1 డైరెక్టరీ ఉందా అని చూస్తే చాలనిపిస్తుంది. కానీ నోడ్ నంబర్లు వరసగా ఉంటాయన్న హామీ లేదు. పవర్ ప్రాసెసర్ల మెషీన్లలో రెండో నోడ్ నంబరు 8 అయి ఉండొచ్చు. అందుకని సున్నా కాకుండా వేరే అంకెతో మొదలయ్యే ఏ నోడ్ డైరెక్టరీ ఉన్నా సరే అని గ్లోబ్ (నక్షత్రం లాంటి గుర్తులున్న పేరు నమూనా) తీసుకునే షరతు రాశాను. సిస్టమ్‌డీలో షరతు కుదరకపోతే అది ఫెయిల్యూర్ కింద రాదు, సర్వీసుని వదిలేసి ముందుకెళ్తుంది. మానిటరింగ్‌లో అనవసరంగా ఎర్రలైటు వెలగదు.

రెండోది కాన్ఫిగ్. వచ్చిన ఫైలులో ఇంటర్వల్ ఒక్కటే ఉంది. నేను ‘ఆప్షన్స్’ అని ఇంకో వేరియబుల్ కలిపి, కమాండ్ లైను చివర దాన్ని పెట్టాను. ఇక్కడ సిస్టమ్‌డీలో ఒక మెలిక ఉంది. వేరియబుల్ పేరుని డాలర్ గుర్తుతో ఉత్తినే రాస్తే, దాని విలువ ఖాళీల దగ్గర విడిపోయి వేరు వేరు ఆర్గ్యుమెంట్లుగా వెళ్తుంది. పేరు చుట్టూ మీసాల బ్రాకెట్లు పెడితే మొత్తం ఒకే ఆర్గ్యుమెంటుగా వెళ్తుంది. షెల్ అలవాటుతో బ్రాకెట్లు పెట్టేస్తే, ‘-ఎస్ 0’ అన్నది మధ్యలో ఖాళీతో సహా ఒకే పదంగా న్యూమాడ్‌కి చేరుతుంది. బ్రాకెట్లు లేకుండా రాసి, ఎందుకలా రాశానో పైన కామెంట్ పెట్టాను. లేకపోతే ఎవరో ఒకరు శుభ్రం చేస్తున్నామనుకుని బ్రాకెట్లు తగిలిస్తారు. కాన్ఫిగ్ ఫైలు పేరు మార్చి డెబియన్ అలవాటు ప్రకారం డిఫాల్ట్ డైరెక్టరీలో పెడదామా అని కూడా ఆలోచించి మానుకున్నాను. బయట దొరికే డాక్యుమెంట్లన్నీ ఈటీసీలో న్యూమాడ్ డాట్ కాన్ఫ్ అనే చెబుతాయి. చదివేవాళ్లకు అదే దొరకాలి.

మూడోది సెక్యూరిటీ. రూట్‌గా నడిచే డెమన్ కాబట్టి సిస్టమ్‌డీ ఇచ్చే కట్టడి లైన్లు వీలైనన్ని పెట్టాలనుకున్నాను, ఒక్కో లైను కలిపి, ప్రతిసారీ డెమన్ చేసే ప్రతి పనీ పరీక్షిస్తూ. హోమ్ డైరెక్టరీలు కనపడకుండా చేయడం, టెంప్ విడిగా ఇవ్వడం లాంటివి ఇబ్బంది లేకుండా కుదిరాయి. కుదరనివి రెండు, రెండూ తెలుసుకోదగ్గవే.

కెర్నల్ ట్యూనబుల్స్‌ని కాపాడే లైను పెడితే సిస్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిపోతుంది. న్యూమాడ్ మొదలవగానే అక్కడ ఒక విలువ మారుస్తుంది. పెద్ద పేజీలు తయారుచేసే కెర్నల్ థ్రెడ్ ఎంతసేపటికోసారి మెమరీ వెతకాలన్న విలువది. మామూలుగా 10000 మిల్లీసెకన్లు ఉంటే దాన్ని 1000 చేస్తుంది, చేసినట్టు లాగ్‌లో రాస్తుంది కూడా. నోడ్ల మధ్య మెమరీ కదిలేటప్పుడు పెద్ద పేజీలు త్వరగా మళ్లీ కట్టుకుంటే మంచిదని దాని ఉద్దేశం. అర్థవంతమైన ఉద్దేశమే. కాబట్టి ఆ కట్టడి తీసేశాను. సిస్టమ్ విలువే ఉంచుకోవాలనుకునే వాళ్లు ‘-హెచ్ 0’ వాడొచ్చని కాన్ఫిగ్‌లో కామెంట్ రాశాను.

ఇంకొకటి ఐపీసీని (ప్రాసెస్‌లు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే దారిని) విడిగా ఇచ్చే లైను. నడుస్తున్న న్యూమాడ్‌కి ఏదైనా చెప్పాలంటే అదే కమాండ్‌ని మళ్లీ నడపాలి. రెండోసారి నడిచిన ప్రోగ్రాము సిస్టమ్-ఫైవ్ మెసేజ్ క్యూ ద్వారా మొదటిదానికి కబురు పంపుతుంది. ఐపీసీ విడిగా ఇస్తే సర్వీసులోని డెమన్‌కి ఒక క్యూ, టెర్మినల్లో మనం నడిపిన కమాండ్‌కి ఇంకో క్యూ. మనం పంపింది అవతలికి చేరదు. సర్వీసు స్టేటస్ చూస్తే పచ్చగా ఉంటుంది, లాగ్‌లో తప్పేమీ ఉండదు, పని మాత్రం జరగదు. అందుకే ఇలాంటి డెమన్లకు హార్డెనింగ్ లైన్లను వేరే సర్వీసు ఫైలు నుంచి గుత్తగా కాపీ చేయడం నాకు అస్సలు నచ్చదు.

పరీక్షించడానికి మొదట నిజమైన రెండు సాకెట్ల సర్వర్ వాడలేదు. ఒకే నోడ్ ఉన్న మెషీన్‌నే రెండు నోడ్లుగా చూపించమని కెర్నల్‌కి బూట్ సమయంలో ‘న్యూమా ఫేక్’ పారామీటర్‌తో చెప్పొచ్చు. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో అయితే రెండు నోడ్లు, ఒక్కోదానికి ఎన్ని సీపీయూలు, ఎంత మెమరీ, మధ్య దూరం ఎంత అన్నీ ఇవ్వొచ్చు. నేను రెండోదే వాడాను. ఎనిమిది సీపీయూలు, నోడ్‌కి నాలుగు చొప్పున. కెర్నల్ బ్యాలెన్సింగ్ ఆపేసి, ఒక గిగాబైటు మెమరీ పట్టుకుని రెండు థ్రెడ్లతో ఊరికే దాన్ని తిరగేసే చిన్న ప్రోగ్రాము నడిపాను. ఏ నోడ్‌లో ఎంత మెమరీ ఉందో చూపే న్యూమాస్టాట్‌ని ఆ ప్రాసెస్ నంబరుతో అడిగితే మెమరీ రెండు నోడ్లలోనూ చెరికొంత ఉంది. ప్రాసెస్ స్టేటస్ ఫైలులో, దాన్ని ఏయే సీపీయూల మీద నడపొచ్చో చెప్పే లైను 0-7 అని చూపిస్తోంది. న్యూమాడ్ ఆన్ చేశాను. కాసేపటికి ఆ లైను 4-7 అయింది. న్యూమాస్టాట్‌లో మొదటి నోడ్ అంకె పడిపోతూ, రెండోది పెరుగుతూ వచ్చింది. వేగం, లేటెన్సీ లాంటివి ఇందులో కొలవడంలో అర్థం లేదు, అన్నీ ఒకే ప్రాసెసర్ మీద నడుస్తున్నాయి. కానీ డెమన్ చేయాల్సింది చేస్తోందా లేదా అన్నది ఇంత స్పష్టంగా అసలు సర్వర్ మీద చూడడం కష్టం. అక్కడ ప్రాసెస్‌లు వందల్లో ఉంటాయి.

తర్వాత సర్వీసు ఆపాను. ఆ లైను 4-7 గానే ఉండిపోయింది.

కోడ్ చదివాక ఇలాగే అవుతుందని తెలుసు గానీ, కళ్లతో చూడాలనుకున్నాను. డెమన్ చనిపోయినా అది కట్టిన కట్లు విడిపోవు. ప్రాసెస్ తన ఆయుష్షు ఉన్నంత కాలం ఆ నాలుగు సీపీయూలకే పరిమితం, దాని కింద పుట్టే ప్రాసెస్‌లకూ అదే సంక్రమిస్తుంది. పెద్ద పేజీల వెతుకులాట విలువ కూడా 1000 దగ్గరే ఉంది. అంటే ప్యాకేజీని పూర్తిగా తీసేసినా మెషీన్ మునుపటి స్థితికి రాదు. తీసేసే స్క్రిప్టులో అన్ని ప్రాసెస్‌ల కట్లూ విప్పేద్దామా? కుదరదు. వాటిలో న్యూమాడ్ కట్టినవి ఏవో, అడ్మిన్ కావాలని కట్టినవి ఏవో స్క్రిప్టుకి తెలియదు. తెలియని దాన్ని సరిచేయబోతే ఆవిడ డేటాబేస్ లాంటివే మొదట దెబ్బతింటాయి. అందుకని స్క్రిప్టు లాగ్ ఫైలుని మాత్రం, అదీ పర్జ్ (కాన్ఫిగ్‌తో సహా పూర్తిగా తీసేయడం) చేసినప్పుడే తీసేస్తుంది. మిగతాది డాక్యుమెంట్‌లో రాశాను: ఆపిన తర్వాత ఏమేం మిగిలిపోతాయి, ఒక ప్రాసెస్‌ని టాస్క్‌సెట్ కమాండ్‌తో ఎలా విడిపించాలి, లేదా ఆ సర్వీసుని రీస్టార్ట్ చేస్తే చాలని. డెమన్ ఆఫ్‌లో ఉంచాలన్న నిర్ణయానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు దొరకలేదు. తేలిగ్గా వెనక్కి తీసుకోగలిగేదైతే ఆన్‌లో ఉన్నా పర్లేదు అనేవాణ్ని.

అప్‌గ్రేడ్‌ని రెండు రకాలుగానూ చూశాను. ఆఫ్‌లో ఉన్న చోట పాత వెర్షన్ మీద కొత్తది వేస్తే ఆఫ్‌లోనే ఉంది, అడ్మిన్ ఆన్ చేసిన చోట మళ్లీ లేచింది. కాన్ఫిగ్ మార్చుకున్న మెషీన్‌లో డీపీకేజీ అడగకుండా తుడిచేయలేదు.

డాక్యుమెంట్‌లో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది, కొన్ని ప్రాసెస్‌లను మాత్రమే న్యూమాడ్‌కి అప్పగించే పద్ధతి మీద. మాలాంటి మిశ్రమ హోస్టులకు ఇదే సరైనదని నా అభిప్రాయం. ‘-ఎస్ 0’ పెడితే డెమన్ అన్ని ప్రాసెస్‌లనూ వెతకడం మానేసి, మనం ‘-పి’ తో ఇచ్చిన వాటినే చూస్తుంది. కానీ అది అడిగేది ప్రాసెస్ నంబరు, పేరు కాదు. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ నంబరు మారుతుంది కాబట్టి కాన్ఫిగ్‌లో రాసి పెట్టుకునేది కాదు. ఆ సర్వీసు మొదలయ్యాక నడిచే కమాండ్‌గా, దాని మెయిన్ ప్రాసెస్ నంబరుతో న్యూమాడ్‌ని పిలవాలి. ఇక్కడ తప్పకుండా ముందు ఒక తనిఖీ ఉండాలి: న్యూమాడ్ సర్వీసు నడుస్తోందా అని. ఎందుకంటే ‘-డబ్ల్యు’ లా కాకుండా ‘-పి’ తో పిలిచినప్పుడు డెమన్ లేకపోతే, ఆ పిలుపే డెమన్ అయి కూర్చుంటుంది. సర్వీసు స్టేటస్ ఆఫ్ అని చూపిస్తుంది, డెమన్ మాత్రం నడుస్తూ ఉంటుంది, అదీ మనం కాన్ఫిగ్‌లో పెట్టిన ‘-ఎస్ 0’ లేకుండా. డాక్యుమెంట్‌లో ఉదాహరణని ఆ తనిఖీతో సహా, నేరుగా కాపీ చేసుకునేలా ఇచ్చాను. రిజర్వ్ చేసిన సీపీయూలు ఉన్నవాళ్లకు ‘పెద్ద ఆర్’ ఆప్షన్ గురించి కూడా రాశాను. అది డెమన్ మొదలయ్యేటప్పుడే ఇవ్వాలి, నడుస్తుండగా మార్చడం కుదరదు.

కేఎస్ఎం వాడే వాళ్లకు ఒక పేరా. ఒకేలా ఉన్న పేజీలను కెర్నల్ కలిపేసేటప్పుడు వేరు వేరు నోడ్ల పేజీలను కూడా కలిపేస్తే, ఒక మెషీన్ మెమరీ ఎంత సర్దినా కొంత భాగం అవతలి నోడ్‌లోనే ఉండిపోతుంది. దీన్ని ఆపే సెట్టింగ్ పేరు కొన్ని డాక్యుమెంట్లలో ‘మెర్జ్ నోడ్స్’ అని కనిపిస్తుంది, కెర్నల్‌లో ఉన్న ఫైలు పేరు ‘మెర్జ్ అక్రాస్ నోడ్స్’. అది సున్నా చేయాలి. అప్పటికే కలిసిన పేజీలు ఉంటే కెర్నల్ మార్చనివ్వదు, ముందు కేఎస్ఎం రన్ విలువ 2 చేసి అన్నిటినీ విడదీయాలి. హోస్ట్‌లో మెమరీ ఇరుకుగా ఉంటే విడదీసినప్పుడు వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది, అది చూసుకుని చేయమని హెచ్చరిక కూడా పెట్టాను.

చివర్లో లిబ్‌వర్ట్. న్యూమాడ్ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఆ ఎర్రర్ పోలేదు. న్యూమాడ్ సపోర్ట్ అన్నది లిబ్‌వర్ట్ బిల్డ్ ఆప్షన్. మా లిబ్‌వర్ట్ బిల్డ్ అయినప్పుడు ఇమేజ్‌లో న్యూమాడ్ లేదు కాబట్టి ఆ భాగం లేకుండానే తయారైంది. ఆప్షన్‌ని ‘ఆటో’ లో వదలకుండా ఖచ్చితంగా ఆన్ అని పెట్టి, న్యూమాడ్‌ని బిల్డ్ డిపెండెన్సీగా చేర్చి మళ్లీ బిల్డ్ చేయించాను. రేపు ఎప్పుడైనా న్యూమాడ్ బిల్డ్ సమయంలో దొరక్కపోతే లిబ్‌వర్ట్ బిల్డే ఆగిపోతుంది. వర్చువల్ మెషీన్ స్టార్ట్ చేసేవాళ్ల కన్నా ముందు మాకు తెలుస్తుంది.

ఇప్పుడు ఆటో ప్లేస్‌మెంట్ పెట్టిన మెషీన్లు అన్ని హోస్టుల్లోనూ స్టార్ట్ అవుతున్నాయి, స్టార్ట్ అయ్యేటప్పుడు న్యూమాడ్ సలహా తీసుకుంటున్నాయి. డెమన్ మాత్రం డేటాబేస్ లేని హోస్టుల్లో, అదీ మేడమ్‌కి చెప్పాకే, ‘-ఎస్ 0’ తో ఆన్ చేశాం. ఆటోమేటిక్ టెస్టు ఇంకా పూర్తి కాలేదు. దానికి రూట్ అధికారంతోపాటు రెండు నోడ్లున్న వర్చువల్ మెషీన్ కావాలి, మా టెస్ట్ మెషీన్లన్నీ ఒకే నోడ్‌వి. అలాంటి చోట టెస్టు ఫెయిల్ అవకుండా స్కిప్ అయ్యేలా రాసి పెట్టాను. క్యూఈఎంయూ సెట్టింగులు టెస్ట్ వాళ్ల దగ్గర ఉన్నాయి.